కొత్త వైద్య మిషను విలువ కట్టడం ఎలా? పడమటి ప్రకాశం కమిటీలకు పనికొచ్చే చిట్కాలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, పొదిలి, యర్రగొండపాలెం వైపు ఆస్పత్రి అభివృద్ధి సొసైటీలో మెంబరైనవాళ్ళకీ, నర్సింగ్‌హోమ్ పెట్టుకున్న డాక్టర్లకీ, ఊరికి ఏదో ఒక మంచి చేద్దామని డబ్బు పట్టుకుని తిరిగే దాతలకీ ఒకరోజు తప్పకుండా ఈ చిక్కు వస్తుంది. టై కట్టుకున్న కంపెనీ రెప్పు బ్యాగు తగిలించుకుని వస్తాడు. కొత్త మిషను వచ్చింది సార్ అంటాడు. అది కొనాలా వద్దా, దాని విలువెంత అన్నది మీరు తేల్చాలి. తేల్చాలంటే చదవాలి, లెక్క వేయాలి, వాడుతున్నవాళ్ళను అడగాలి, ఒంగోలో గుంటూరో పోయి కళ్ళారా చూసిరావాలి. అంత శ్రమ మీకు అక్కర్లేదు. కింద రాసినట్టు చేయండి. మధ్యాహ్నం భోజనాల లోపు పని అయిపోతుంది, మిషను దిగుతుంది, ఆనక ఏం జరిగినా మీ పేరు బయటికి రాదు.

1. జబ్బుతో మొదలుపెట్టకండి. బ్రోచరుతో మొదలుపెట్టండి.

మన దగ్గర ఏ జబ్బు ఎక్కువ, అది ఎవరికి వస్తోంది, వచ్చినవాళ్ళు ఇప్పుడు ఎక్కడికి పోతున్నారు అని మొదలుపెట్టారంటే ఇక సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవరు. పైగా ఆ ప్రశ్నకు జవాబు మిషను దగ్గర ఆగదు. ఒక్కోసారి ఖాళీగా ఉన్న నర్సు పోస్టు దగ్గర ఆగుతుంది, ఒక్కోసారి నీళ్ళ పైపు దగ్గర ఆగుతుంది. మన చరిత్రే చూడండి. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు బిగుసుకుపోయే జబ్బు ఈ దేశంలో ఉందని మొదట లోకానికి తెలిసింది పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచే. అప్పట్లో అవి నెల్లూరు జిల్లాలోవి, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. ఎద్దులు కీళ్ళు పట్టేసి అడుగు వేయలేకపోవడం ముందు రైతుల కంటపడిందని వైద్య పుస్తకాలు చెబుతాయి. మనుషుల్లోనూ అదే జబ్బు ఉందని షార్ట్ అనే వైద్యుడూ ఆయన తోటివాళ్ళూ 1937లో రాశారు. అంత పెద్ద సంగతి రైతుల కంటిచూపుతో మొదలై బయటపడింది. ఒక్క మిషనూ అమ్ముడుపోలేదు. కమిటీలో ఎవరైనా పెద్దాయన ఈ కథ ఎత్తితే వెంటనే టీ తెప్పించండి.

2. నీళ్ళ మిషనుకు టీడీఎస్ మీటరు చాలు.

మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఆరోగ్య మిషను ఆర్‌ఓ ప్లాంటు. దాని విలువ కట్టడం చాలా తేలిక. పెన్నులాంటి మీటరు నీళ్ళలో ముంచండి, అంకె తగ్గితే చప్పట్లు కొట్టండి. ఆ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది, అందులో ఫ్లోరైడు ఎంతో విడిగా చెప్పదు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా పర్వాలేదు అని భారతీయ ప్రమాణం. అది తేలాలంటే సీసాలో నీళ్ళు పట్టి ల్యాబుకు పంపాలి. పంపకండి. పంపితే కాగితం వస్తుంది, కాగితం వస్తే ఫైల్లో పెట్టాలి, ఫైల్లో పెడితే ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు చదువుతాడు.

ఇంకా బలమైన రుజువు కావాలంటే రెప్పును కడ్డీల డెమో చేయమనండి. రెండు గ్లాసులు పెడతాడు, ఒకదాంట్లో మన బోరు నీళ్ళు, రెండోదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు. కడ్డీలు ముంచి కరెంటు పెడితే బోరు నీళ్ళు గోధుమరంగు మడ్డిగా మారతాయి. చూసినవాళ్ళు నోరు తెరుస్తారు. నిజానికి ఆ మడ్డి కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. లవణాలున్న నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి బోరు గ్లాసులోనే ఎక్కువ కరుగుతుంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివిన కుర్రవాడెవడైనా ఉంటే వాణ్ణి ఆ పూట జిరాక్సులకు పంపండి.

పోల్చక తప్పకపోతే, పోలికను మీ చేతిలో ఉంచుకోండి. నాగపూర్‌లోని నీరి సంస్థ నల్గొండ పద్ధతి అని ఒకటి తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపి, తేర్చి, వడగట్టడం. ఇంట్లో బకెట్టులోనూ చేసుకోవచ్చు. దీని కష్టాలన్నీ గట్టిగా చదవండి: మోతాదు రోజూ చూసుకోవాలి, అడుగు మడ్డి తీసిపారేయాలి. ఆర్‌ఓ కష్టాలు మాత్రం చదవొద్దు. మెంబ్రేను మార్చాలి, కరెంటు ఉండాలి, తాగే నీళ్ళతో పాటు పారబోసే నీళ్ళూ బోలెడు వస్తాయి, ఆ పారబోసిన నీళ్ళలో ఫ్లోరైడు ముందుకంటే చిక్కగా ఉంటుంది. వాటిని వీధి కాలవలోకి వదిలేయండి, మళ్ళీ అదే భూమిలోకి ఇంకిపోతాయి. ఏది ఎంచుకోవాలన్నది అక్కడే తేలిపోతుంది. పటిక మూటకు రిబ్బను కట్టి ఎవరు కత్తిరిస్తారు?

3. డయాలసిస్ కుర్చీలు లెక్కపెట్టండి, నీళ్ళు లెక్కపెట్టకండి.

కిడ్నీ రోగులు మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పాలా? వారానికి రెండుసార్లో మూడుసార్లో బస్సెక్కి పోయి రక్తం శుద్ధి చేయించుకుని, ఇంటికొచ్చి పడుకుంటారు. కాబట్టి డయాలసిస్ మిషను అనగానే కమిటీ మొత్తం చేయెత్తుతుంది. ఆ ఊపులోనే సంతకాలు పెట్టించుకోండి. ఆలస్యమైతే ఎవరో నీళ్ళ మాట ఎత్తుతారు. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలు నడిస్తే ఒక్క మనిషికి ఒక్కసారికి 120 లీటర్ల శుద్ధి నీళ్ళు కావాలి. అవి తయారుకావడానికి బోరులోంచి అంతకు మించి తోడాలి. పైగా నియమం చాలా కఠినం. తాగే నీళ్ళలో ఫ్లోరైడు 1.5 దాకా ఒప్పుకున్నా, డయాలసిస్ నీళ్ళలో 0.2 దాటకూడదు. తాగిన నీళ్ళు కడుపు దాటి మెల్లగా రక్తంలోకి పోతాయి. డయాలసిస్ నీళ్ళు మాత్రం పల్చని పొరకు అటువైపే, రక్తానికి ఎదురుగా పారతాయి. మిషను ఖరీదులో ఈ నీళ్ళ ప్లాంటు, దాని పరీక్షలు, వేసవి ట్యాంకర్లు కలపకుండా చూడండి. కలిపితే అంకె పెద్దదై కనిపిస్తుంది.

మరీ నిలదీస్తే “వెలిగొండ నీళ్ళు వస్తున్నాయి కదా అన్నా” అనండి. ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన అయింది. అప్పట్నుంచీ మన దగ్గర ఏ ప్రశ్నకైనా ఆ జవాబు సరిపోతూనే ఉంది.

4. ఉన్నదానితో పోల్చకండి.

కొత్తదాని విలువ అంటే పాతదానికంటే ఎంత ఎక్కువ మేలు, దానికి ఎంత ఎక్కువ ఖర్చు అని లెక్క. ఈ లెక్క తెలిసినవాళ్ళు ఢిల్లీలో ఉన్నారు. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017లో హెచ్‌టీఏ ఇండియా అని ఒకటి పెట్టారు, పనే ఇది. వాళ్ళు కంటి శుక్లాల ఆపరేషన్ల మీద లెక్క వేస్తే ఏం తేలిందో తెలుసా? చిన్న కోత పెట్టి మామూలు గట్టి లెన్సు వేసే పద్ధతే పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలితం ఇస్తుందని తేలింది. ఇలాంటి నివేదిక మార్కాపురంలో ఎవరైనా చదివితే, అదే శుక్లాలకు వాడే ఖరీదైన ఫేకో మిషను కొటేషను ఏం కావాలి? నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి, పొడుగ్గా ఉంటాయి. అదే మీకు రక్ష.

ఇంగ్లండులో నైస్ అనే సంస్థ 1999 నుంచీ ఇదే పని చేస్తోంది. పూర్తి ఆరోగ్యంతో బతికిన ఏడాదిని ఒకటిగా, మంచాన సగం ప్రాణంతో బతికిన ఏడాదిని అరగా లెక్కగడతారు. అలాంటి ఒక నిండు ఏడాది సంపాదించిపెట్టడానికి కొత్త మందు ఎన్ని పౌండ్లు మింగుతుందో చూస్తారు. చాలా ఏళ్ళు 20 వేల నుంచి 30 వేల పౌండ్ల హద్దు పెట్టుకుని నడిచారు. మీరు పౌండ్లలో చెప్పండి చాలు, కమిటీలో ఎవరూ రెండో ప్రశ్న అడగరు. “అది దొరల దేశం లెక్క, మనకు పనికిరాదు” అని ఒక్క మాటతో మూసేయండి.

5. నూటికి తొంభైతొమ్మిది అన్న మాట వినగానే సంతకం పెట్టండి.

పరీక్ష మిషను అమ్మేవాడు తొంభైతొమ్మిది శాతం కరెక్టు సార్ అంటాడు. ఏది తొంభైతొమ్మిది అని అడగకండి. జబ్బున్నవాణ్ణి పట్టుకోవడంలోనా, లేనివాణ్ణి వదిలేయడంలోనా అనేది రెండు వేర్వేరు ప్రశ్నలు. ఊరికే ఒక లెక్క అనుకుందాం. మండలంలో పదివేలమందికి పరీక్ష చేశారు, వాళ్ళలో పదిమందికే ఆ జబ్బుంది. మిషను ఆ పదిమందినీ పట్టుకుంది. జబ్బులేని 9,990 మందిలో నూటికి ఒకణ్ణి మాత్రం పొరపాటుగా పట్టుకుంది. అంటే దగ్గరదగ్గర వందమంది. మొత్తం 110 మంది చేతిలో జబ్బుందన్న కాగితం, నిజంగా జబ్బున్నది పదిమందికి. మిగతా వందమందీ ఎక్కడికి పోతారు? మీ దగ్గరికే. స్కానింగులు, మళ్ళీ పరీక్షలు, గుంటూరుకు రిఫరల్. ఎకరం కుదువబెట్టి తిరిగి, చివరికి ఏమీ లేదని తేలితే “దేవుడు చల్లగా చూశాడు డాక్టరుగారూ” అని దణ్ణం పెట్టిపోతారు. ఇంత లాభం తెచ్చే పొరపాటును ఎందుకు తగ్గించుకోవాలి?

6. కడ్డీ పట్టుకుంటే రిపోర్టిచ్చే మిషను ఒకటి తప్పకుండా పెట్టండి.

సంతల్లో, తిరునాళ్ళలో, కల్యాణ మండపాల ఉచిత క్యాంపుల్లో చూసే ఉంటారు. చేతికి కడ్డీ ఇస్తారు, నిమిషంలో గుండె, కాలేయం, ఎముకలు, విటమిన్లు అన్నిటి రిపోర్టు ప్రింటై వస్తుంది. రక్తం తీయరు, మూత్రం అడగరు. అరచేతిలోని కడ్డీ కాలేయం సంగతి ఎలా చెబుతుందో ఏ వైద్య పుస్తకంలోనూ లేదు, కాబట్టి తప్పని వాదించడానికి పుస్తకం తెచ్చేవాడూ ఉండడు. ఒకే ఒక్క జాగ్రత్త: ఒకే మనిషికి పదినిమిషాల తేడాతో రెండుసార్లు పెట్టకండి. రెండు రిపోర్టులు పక్కపక్కన పెడితే ఇద్దరు వేరే మనుషులవిగా ఉంటాయి.

పెద్దవాళ్ళు ఎలా చేశారో నేర్చుకోండి. అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ అనే ఆవిడ 2003లో థెరనోస్ కంపెనీ పెట్టి, వేలి కొసన తీసిన చుక్క రక్తంతో పరీక్షలన్నీ చేస్తామంది. మిషను పెట్టె తెరిచి చూపించమని గట్టిగా అడక్కుండానే పెద్దపెద్దవాళ్ళు డబ్బు పెట్టారు. కంపెనీ విలువ తొమ్మిది వందల కోట్ల డాలర్లు అన్నారు. 2018లో మూతపడింది, 2022లో ఆవిడకు శిక్ష పడింది. మీరు ఆ చివరి భాగం పట్టించుకోకండి. పదేళ్ళకు పైగా ఎవరూ పెట్టె తెరవలేదన్నదే మనకు కావలసిన పాఠం.

7. ఏఐ ఎక్స్‌రే ఎవరి ఛాతీలు చూసి నేర్చుకుందో అడగకండి.

మార్కాపురం పలకల ఊరు. గనుల్లో రాయి తీసినవాళ్ళు, ఫ్యాక్టరీల్లో కోసి రుద్దినవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చారు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. దాని మచ్చలు ఎక్స్‌రేలో టీబీ మచ్చల్లాగే కనిపించి డాక్టర్లనే తికమక పెడతాయి. టీబీని పట్టుకోవడం మాత్రమే నేర్చుకున్న కంప్యూటరు పలకల కూలీ ఛాతీ చూసి ఏమంటుందో ముందే పరీక్షించాలని ఎవరైనా అంటే, “ఏఐ తప్పు చేయదు” అని గంభీరంగా చెప్పండి. కూలీకి ఆరునెలలు టీబీ మందులు ఇచ్చాక కూడా దగ్గు తగ్గకపోతే, మందులు సరిగ్గా మింగలేదని అతని మీదే రాయండి. ఏ పని చేసేవాడివి అని అడగటానికి కంప్యూటరు అక్కర్లేదు, కానీ ఓపీ చీటీలో ఆ గడి లేదు కదా.

8. మిషనుకు లైసెన్సు ఉందా అని రెప్పును అడగడం మర్యాద కాదు.

9. ధర అంటే కొటేషను మీద ఉన్న అంకె మాత్రమే.

రక్తపరీక్షల మిషను ఉచితంగా ఇస్తామని వస్తారు. కళ్ళకద్దుకుని తీసుకోండి. దాంట్లో ఆ కంపెనీ రీయేజెంటు తప్ప ఇంకోటి పనిచేయదు, దాని ధర ఏటా వాళ్ళిష్టం. ఐదేళ్ళలో ఎంత కట్టారో కూడకండి. వార్షిక నిర్వహణ ఒప్పందం రాసుకోవద్దు, వారంటీ అయిపోయాక దేవుడున్నాడు. త్రీఫేజ్ కరెంటు, స్టెబిలైజరు, ఏసీ గది, నడిపే టెక్నీషియను జీతం ఇవన్నీ ఇంకో పద్దులోకి తోసేయండి.

నిబంధన ప్రకారం మూడు కొటేషన్లు కావాలి. మూడూ రెప్పునే తెమ్మనండి. మూడు లెటర్‌హెడ్లు, ఒకే ప్రింటరు, ఒకే అక్షరదోషం. తక్కువ ధర వేసినవాడికే ఇచ్చామని మినిట్స్‌లో గర్వంగా రాసుకోవచ్చు. టెండరు పెట్టాల్సి వస్తే బ్రోచరులోని కొలతలే మిల్లీమీటరు తేడా లేకుండా ఎక్కించండి, ఇంకెవరి మిషనూ ఆ గుమ్మంలో దూరదు.

ఒక భయం మాత్రం ఉంది, ముందే చెబుతున్నాను. ప్రభుత్వం ఎప్పుడైనా నిద్రలేచి లెక్క అడగొచ్చు. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు అలాగే జరిగింది. లక్ష దాటి అమ్ముతున్న మందు పూత స్టెంటుకు 29,600, మామూలు స్టెంటుకు 7,260 రూపాయలే గరిష్ఠ ధర అని కట్టేశారు. స్టెంటు అదే, రాత్రికి రాత్రి విలువ మారిపోయింది. అందుకే అడిగేలోపే కొనెయ్యాలి.

10. మిషను ఎక్కడ పెడితే ఫొటో బాగా వస్తుందో అక్కడ పెట్టండి.

దోర్నాల అడవి లోపలి చెంచుగూడెం నుంచి గర్భిణి ఎలా వస్తుంది, అర్ధవీడు నుంచి ముసలావిడ ఎన్ని బస్సులు మారాలి అని ఆలోచిస్తే మిషను కంటే ముందు జీపు కొనాల్సి వస్తుంది. మేడమీద పెట్టండి. లిఫ్టు తర్వాత చూద్దాం. కొబ్బరికాయ, రిబ్బను, శాలువా, దాత పేరుతో గ్రానైటు పలక సిద్ధం చేసుకోండి. మన వైపు దొరికే గ్రానైటు కాబట్టి చౌకలో అయిపోతుంది. పలక మీద పేర్లు మిషను మాన్యువల్ కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

11. ఎంతమంది వాడారో రాసే రిజిస్టరు పెట్టకండి.

దీన్ని మించిన జాగ్రత్త లేదు. రిజిస్టరు ఉంటే ఏడాది తర్వాత ఒక పంతులుగారో, సమాచార హక్కు దరఖాస్తుదారుడో వచ్చి, కొన్నది ఇంత, వాడింది ఇంతమందికి, వాళ్ళలో బాగుపడింది ఇంతమంది అని భాగహారం చేస్తాడు. రిజిస్టరు లేకపోతే అందరికీ మేలు జరిగినట్టే. “వేలాదిమంది పేదలకు వరం” అన్న వార్త ప్రారంభోత్సవం రోజునే పడి ఉంటుంది కదా, ఆ కటింగు ఫైల్లో పెట్టుకోండి.

12. ఆగిపోయిన మిషనుకు సాకులు ముందే రాసిపెట్టుకోండి.

మొదటి నెలలో: ఇంజనీరు హైదరాబాదు నుంచి రావాలి. రెండో నెలలో: ఇంజనీరు వచ్చాడు, పార్టు రావాలి. తర్వాత: పార్టు వచ్చింది, టెక్నీషియను బదిలీ అయ్యాడు. ఆ తర్వాత: వోల్టేజీ చాలట్లేదు, కరెంటోళ్ళకు లేఖ రాశాం. వేసవిలో: నీళ్ళు లేవు. ఎన్నికలప్పుడు: కోడ్ ఉంది. ఎన్నికలయ్యాక: కొత్త కమిటీ వేయాలి. ఈ వరసలో వాడితే రెండేళ్ళు హాయిగా గడుస్తాయి. ఏ సాకూ రెండుసార్లు చెప్పొద్దు, అది జనానికి గుర్తుంటుంది. మిషను మీద మాత్రం మంచి బెడ్‌షీటు కప్పండి, దుమ్ము పడితే విలువ తగ్గుతుంది.

“ఈ డబ్బుతో ఒక ల్యాబు టెక్నీషియనునూ ఇద్దరు నర్సులనూ పెట్టుకుని, ఉన్న మిషన్లు బాగుచేయించుకుంటే పోదా?” అని ఒక్కరైనా అడుగుతారు. సాధారణంగా ఆవిడ ఆ ఆస్పత్రిలోనే పాతికేళ్ళు పనిచేసిన స్టాఫ్ నర్సు అయి ఉంటుంది. ఆవిడ మాట పూర్తిగా విని, చాలా మంచి సలహా అమ్మా అని మెచ్చుకుని, ఒక సబ్‌కమిటీ వేసి ఆవిడనే ఛైర్మనును చేయండి. సబ్‌కమిటీకి గడువు పెట్టకండి.

వచ్చే మీటింగు తేదీ రెప్పుకు ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. కొటేషన్లు మూడూ, ల్యాప్‌టాపూ, బిరియానీ అతనే తెస్తాడు. మీరు పెన్ను తెచ్చుకుంటే చాలు.